నీలి ఉంగరాల ఆక్టోపస్‌కు విషం ఒంట్లో ఎక్కడ ఉంటుంది?

ప్రశ్న: మాది హనుమకొండ. సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో అండమాన్ వెళ్లడానికి టికెట్లు తీసుకున్నాం. ఎనిమిదో తరగతి చదివే మా బాబుకు గవ్వలు, రాళ్లు ఏరడమంటే మహా ఇష్టం. నీలి ఉంగరాల ఆక్టోపస్ వీడియో ఒకటి ఫోన్లో చూసినప్పటి నుంచి మా అత్తమ్మ ప్రయాణమే మానుకోమంటున్నారు. ఇంటర్ బైపీసీ చదువుతున్న మా పాప అడిగే ప్రశ్నలు వేరు. పాముకు కోరల దగ్గర ఉన్నట్టు దీనికి విషం ఎక్కడ ఉంటుంది? అంత విషం ఒంట్లో పెట్టుకుని అది ఎందుకు చావదు? ఆక్టోపస్‌లన్నీ విషమున్నవేనా? కరిస్తే ఏం చేయాలి? హోటళ్లలో పెట్టే ఆక్టోపస్ తింటే ప్రమాదమా? దయచేసి వివరంగా చెప్పగలరు.
— ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, నమస్కారం. ముందుగా మీ అత్తమ్మగారికి చెప్పవలసిన మాట చెబుతాను. ఈ జీవి మనిషిని వెతుక్కుంటూ రాదు, నీళ్లలో వెంటపడదు. ఇది కరిచిన సందర్భాల్లో ఎక్కువ భాగం మనిషి దాన్ని చేత్తో పట్టుకున్నప్పుడో, ఒంటి మీద పెట్టుకున్నప్పుడో జరిగినవే. కాబట్టి ప్రయాణం మానుకోవలసిన పని లేదు, బాబు చేతులను అదుపులో పెట్టుకుంటే చాలు. ఎందుకు అదుపులో పెట్టుకోవాలో తెలియాలంటే మీ పాప వేసిన ప్రశ్నలకే సమాధానం చెప్పుకోవాలి. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో ఆక్టోపస్‌కు మొలస్కా ఉదాహరణల వరుసలో ఒక్క పేరుకు మించి చోటు దొరకదు గనుక ఈ అమ్మాయి అడిగినందుకు నాకు సంతోషంగా ఉంది.

ఆక్టోపస్‌లన్నీ విషమున్నవేనా అన్న ప్రశ్నకు ఒక రకంగా అవుననే చెప్పాలి. ఆస్ట్రేలియాకు చెందిన బ్రయాన్ ఫ్రై, మార్క్ నార్మన్ తదితరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆక్టోపస్‌లు, కటిల్‌ఫిష్‌లు, కొన్ని స్క్విడ్‌లు విషపు లాలాజలాన్ని ఉమ్మడి పూర్వీకుల నుంచి వారసత్వంగా పొందాయని తేల్చారు. ఆక్టోపస్‌కు రెండు జతల లాలాజల గ్రంథులుంటాయి. వాటిలో వెనక జత పెద్దది, విషం తయారయ్యేది అందులోనే. అక్కడి నుంచి ఒక నాళం ముందుకు సాగి, ఎనిమిది చేతుల నడుమ దాగి ఉన్న గట్టి ముక్కు దగ్గర తెరుచుకుంటుంది. పీతను పట్టుకున్న ఆక్టోపస్ దాని పెంకు సందులో కరిచి ఈ లాలాజలాన్ని లోపలికి పంపుతుంది. ఆల్చిప్ప లాంటి గట్టి పెంకు ఎదురైతే రాడ్యులా అనే గరుకు నాలుకతోనూ, లాలాజలం వచ్చే చోట ఉండే పళ్లున్న చిన్న మొనతోనూ సన్నని రంధ్రం తొలిచి అందులోంచి విషం ఎక్కిస్తుంది. పీత కదలిక ఆగిపోతుంది, పెంకుకు అంటుకున్న కండ వదులవుతుంది. అంటే ఆ లాలాజలం ఒకేసారి రెండు పనులు చేస్తుంది, ఎరను చచ్చుబడేలా చేయడం, మాంసాన్ని పెంకు నుంచి విడదీయడం.

ఈ లాలాజలంలో ఏముందో కనిపెట్టే ప్రయత్నం జీవరసాయన శాస్త్రానికి చాలా ఇచ్చింది. ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామర్ ఆక్టోపస్ లాలాజల గ్రంథుల్లోనే ఆక్టోపమైన్ అనే పదార్థాన్ని గుర్తించాడు, ఆ పేరు అలా వచ్చినదే. ఎలెడోన్ అనే బంధుజాతి గ్రంథుల నుంచి రక్తపోటును తగ్గించే ఎలెడాయిసిన్‌ను వేరుచేసింది కూడా ఆయన బృందమే. పీతలను చచ్చుబడేలా చేసే సెఫాలోటాక్సిన్ అనే ప్రోటీన్‌ను 1959లో గిరెట్టి వర్ణించాడు. ఇవన్నీ పీతకు యమపాశాలే గానీ మనిషికి ఆ స్థాయి ప్రమాదం కావు. మామూలు ఆక్టోపస్ కరిస్తే ఆ చోట నొప్పి, వాపు వచ్చి తగ్గిపోవడమే సాధారణంగా జరుగుతుంది.

మీ అత్తమ్మగారిని భయపెట్టినది వీటికి భిన్నమైనది. హపలోక్లీనా అనే ప్రజాతికి చెందిన నీలి ఉంగరాల ఆక్టోపస్‌లలో పేరుపెట్టిన జాతులు నాలుగు: లునులాటా, మాక్యులోసా, ఫాసియాటా, నీర్‌స్ట్రాజి. జపాన్ నుంచి ఆస్ట్రేలియా దాకా పసిఫిక్‌లోనూ, హిందూ మహాసముద్రంలోనూ ఇవి ఉంటాయి. నాలుగోదైన నీర్‌స్ట్రాజిని మన బంగాళాఖాతంలో దొరికిన నమూనా ఆధారంగానే బెల్జియం శాస్త్రవేత్త విలియం ఆడమ్ 1938లో వర్ణించాడు. అంటే ఇది ఎక్కడో ఆస్ట్రేలియా సంగతి అనుకుని వదిలేయడానికి లేదు. చేతులన్నీ చాచినా జానెడు దాటనంత చిన్న జీవి ఇది. వెనక లాలాజల గ్రంథులు మాత్రం ఒంటి పరిమాణానికి మించి పెద్దవిగా ఉంటాయి.

ఈ గ్రంథుల్లో ఉన్న విషానికి మొదట్లో మాక్యులోటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కొత్త పదార్థమేమీ కాదని, జపాన్‌లో ఫుగు అని పిలిచే బుడగ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అదేనని 1978లో ఆస్ట్రేలియా పరిశోధకులు నిరూపించారు. ఆ చేప విషానికి ఆ పేరు పెట్టినవాడు జపాన్ శాస్త్రవేత్త యోషిజుమి తహారా, 1909లో. దూరపు బంధుత్వం కూడా లేని ఒక చేపకూ, ఒక మొలస్కా జీవికీ ఒకే విషం ఉండడం మొదట్లో చాలామందికి మింగుడుపడలేదు. తర్వాత కొన్ని నీటి బల్లులు, కప్పలు, నక్షత్ర చేపలు, చదును పురుగుల్లో కూడా అదే విషం దొరికింది.

ఇక మీ పాప అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. పాములో విషం తలలోని గ్రంథుల్లో ఉంటుంది, కోర దాన్ని ఎక్కించే సూది మాత్రమే. విషపు గ్రంథి తీసేస్తే మిగిలిన పాము శరీరంలో చెప్పుకోదగ్గ విషం ఉండదు. నీలి ఉంగరాల ఆక్టోపస్ విషయంలో ఈ లెక్క తప్పుతుంది. బెకీ విలియమ్స్, రాయ్ కాల్డ్‌వెల్ 2009లో ఫాసియాటా జాతి జీవులను అవయవాల వారీగా పరీక్షించినప్పుడు లాలాజల గ్రంథులతో పాటు చేతుల్లోనూ, అవయవాలను కప్పే సంచి లాంటి ప్రావారంలోనూ, జీర్ణగ్రంథిలోనూ, మొప్పల్లోనూ, పునరుత్పత్తి అవయవాల్లోనూ టెట్రోడోటాక్సిన్ కనిపించింది. మాక్యులోసా జాతిలో గాఢత లాలాజల గ్రంథుల్లో ఎక్కువగా ఉన్నా, చేతుల కండ పరిమాణం ఎక్కువ గనుక మొత్తం విషంలో పెద్ద వాటా చేతుల్లోనే ఉన్నట్టు జపాన్ పరిశోధకులు చూపించారు. లునులాటా జాతి తల్లి పెట్టిన గుడ్లలోనూ, పొదిగిన పిల్లల్లోనూ విషం ఉంటుంది. గుడ్డు ఎదిగేకొద్దీ ఆ పరిమాణం పెరుగుతుంది కూడా. తల్లి నుంచి వచ్చిన వాటా అంతే అయితే అది పెరగడానికి వీల్లేదు గనుక లోపల ఎక్కడో తయారీ జరుగుతూ ఉండాలి.

ఆ తయారీ ఎవరిదన్నదే ఈ శాస్త్రంలో ఇంకా తేలని వివాదం. పాము విషం లాంటి ప్రోటీన్ విషాలను జీవి తన జన్యువుల సూచన ప్రకారం స్వయంగా తయారుచేసుకుంటుంది. టెట్రోడోటాక్సిన్ ప్రోటీన్ కాదు, 319 అణుభారమున్న చిన్న అణువు. 1989లో ఈ ఆక్టోపస్ లాలాజల గ్రంథుల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా ఆ విషాన్ని తయారుచేస్తున్నట్టు ఒక పరిశోధన ప్రకటించింది. అప్పటి నుంచి ఆక్టోపస్ ఇల్లిస్తే బ్యాక్టీరియా అద్దెగా విషం ఇస్తోందన్న అభిప్రాయం బలపడింది. అయితే అలా పెంచిన బ్యాక్టీరియాలో దొరికే విషం చాలా స్వల్పమని, ఆక్టోపస్ ఒంట్లోని నిల్వకు అది సరిపోదని ఇతరులు అభ్యంతరం చెప్పారు. బుడగ చేపల విషయంలో పరిస్థితి కొంత స్పష్టం, విషం లేని ఆహారంతో పెంచిన చేపల్లో విషం లేకుండా పోతుంది గనుక అది ఆహారం ద్వారా చేరుతోందని చెప్పవచ్చు. ఆక్టోపస్‌లో అంత తేలికైన రుజువు రాలేదు. బ్యాక్టీరియా వాదం వైపే నా మొగ్గు, కానీ పరీక్షలో రాసేటప్పుడు మీ పాప దీన్ని తేలిపోయిన సంగతిగా రాయకపోతే మంచిది.

విషం పనిచేసే తీరు గురించి మన ప్రాంతం వారికి చెప్పడం తేలిక, ఎందుకంటే కట్లపాము కాటు లక్షణాలు ఉత్తర తెలంగాణలో పల్లె మనిషికి తెలియనివి కావు. రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి అంతగా ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆఖరికి ఊపిరి ఆడదు. ఈ ఆక్టోపస్ కాటు కూడా చాలాసార్లు నొప్పి తెలియనిదే. పెదవులు, నాలుక తిమ్మిరెక్కడంతో మొదలై, రెప్పలు వాలి, మింగడం కష్టమై, కాళ్లు చేతులు చచ్చుబడి ఊపిరి ఆగే దాకా అదే వరుస. తేడా వేగంలో ఉంది, ఇక్కడ గంటలు కాదు, నిమిషాల్లో వ్యవహారం ముదరవచ్చు. పనిచేసే చోటు కూడా వేరు. కట్లపాము విషం నాడి, కండరం కలిసే కూడలిని దెబ్బతీస్తుంది. టెట్రోడోటాక్సిన్ నాడి పొడవునా సంకేతం సాగడానికి అవసరమైన సోడియం ఛానళ్ల ముఖద్వారాన్ని బయటి నుంచి మూసేస్తుంది. సోడియం లోపలికి పోకపోతే నాడిలో విద్యుత్ సంకేతం పుట్టదు, సంకేతం లేక విభాజక పటలం కదలదు, అది కదలకపోతే ఊపిరి లేదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, చాలామందిలో స్పృహ కూడా ఉంటుంది.

ఆక్టోపస్‌కూ నాడులున్నాయి, సోడియం ఛానళ్లున్నాయి, మరి అది ఎందుకు చావదు? విషం వచ్చి కూర్చునే ద్వారం దగ్గర దాని ఛానల్ నిర్మాణం మారింది గనుక. మాక్యులోసా జన్యుపటాన్ని 2020లో ప్రచురించినప్పుడు, ఆ ఛానల్ తయారీ జన్యువులో కొన్ని అమైనో ఆమ్లాలు మారి ఉన్నాయని, ఆ మార్పుల వల్ల విషం అక్కడ సరిగా అంటుకోలేదని వివరించారు. బుడగ చేపలోనూ, విషపు నీటి బల్లులను తినే అమెరికా పాముల్లోనూ ఇదే కోవకు చెందిన మార్పులు విడివిడిగా వచ్చాయి. విషం ఒళ్లంతా పాకినా సొంత నాడులకు హాని లేదు కాబట్టే దాన్ని ఒక తిత్తిలో బంధించవలసిన అవసరం ఈ జీవికి రాలేదని నేను అర్థం చేసుకుంటాను.

ఇక వాడకం. గ్రంథుల్లోని విషం కాటు ద్వారా పీత, రొయ్య వంటి ఎరకు చేరుతుంది, ఒంట్లోని విషం తనను తినబోయేవాటికి శిక్షగా మిగులుతుంది. ఆస్ట్రేలియాలో మోర్టన్ అఖాతం ప్రాంతంలో సముద్రపు గడ్డితో పాటు ఫాసియాటాను మింగిన ఆకుపచ్చ తాబేళ్లు చనిపోగా వాటి ఒంట్లో టెట్రోడోటాక్సిన్ కనిపించింది. అయితే తిన్న జంతువు చచ్చినా, తినబడ్డ ఆక్టోపస్‌కు ఒరిగేదేమీ లేదు. అందుకే ముందే హెచ్చరించే ఏర్పాటు కావాలి, నీలి ఉంగరాలు అవే. లునులాటా ఒంటి మీద సుమారు 60 ఉంగరాలుంటాయి. తీరిగ్గా ఉన్నప్పుడు జీవి ఇసుక, గోధుమ రంగుల్లో రాయిలో కలిసిపోతుంది. కదిలిస్తే ఉంగరాలను కప్పి ఉంచిన చర్మపు మడతలను కండరాలు విప్పుతాయి, సెకనులో మూడో వంతుకన్నా తక్కువ సమయంలో నీలం మెరుస్తుంది. ఆ నీలం వర్ణద్రవ్యం కాదు, కాంతిని తిప్పికొట్టే కణాల పొరలు ఇచ్చే రంగు. మీ వీడియోలో కనిపించిన అందమైన ఉంగరాలు నిజానికి ఆ జీవి కోపంగానో భయంగానో ఉన్న క్షణంలో తీసినవి. ఇంకో మాట, పెద్ద ఆక్టోపస్‌లలో కొన్నిటికి కళ్ల కింద ఒక్కో పక్క ఒక్కో నీలి ఉంగరమున్న దొంగ కన్ను ఉంటుంది. అవి ఈ ప్రజాతికి చెందినవి కావు, కానీ ఒడ్డున నిలబడి ఉంగరాలు లెక్కపెట్టి ధైర్యం తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

ఈ విషానికి మూడో ఉపయోగం 2025లో బయటపడింది, మీ పాపకు ఇది ఆసక్తి కలిగిస్తుంది. ఆక్టోపస్‌లలో ఆడది కలయిక తర్వాత మగదాన్ని తినేయడం అరుదు కాదు, ఫాసియాటాలో ఆడది మగదానికన్నా బాగా పెద్దది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించినదేమంటే, కలయిక మొదట్లోనే మగది ఆడదాని తల వెనక, మహాధమని దగ్గర కరిచి విషం ఎక్కిస్తుంది. ఆడది రంగు పాలిపోయి, ఊపిరి కదలిక ఆగి, కాసేపు నిశ్చలంగా ఉండిపోతుంది. ఛానళ్లు విషాన్ని తట్టుకునేవే గనుక అది చావదు, తేరుకుంటుంది. మగవాటి వెనక లాలాజల గ్రంథులు ఆడవాటికన్నా దాదాపు మూడు రెట్లు బరువుండడానికి కారణం ఇదేనని వారి అభిప్రాయం.

సొంత విషం చాలదనుకున్న ఆక్టోపస్ కూడా ఉంది. ట్రెమోక్టోపస్ అనే బహిరంగ సముద్రపు జాతిలో మగవీ, చిన్న ఆడవీ పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ అనే కుట్టే జీవి తంతువుల ముక్కలు తెంపి, తమ చేతుల చూషకాలతో పట్టుకుని తిరుగుతాయని 1963లో నమోదైంది. వాటికి ఆ కుట్టు పనిచేయదు, ఎదుటివాడికి పనిచేస్తుంది.

మీ ప్రయాణం సంగతికి వద్దాం. శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి మీరు షహీద్ ద్వీపం, స్వరాజ్ ద్వీపం వెళ్తారనుకుంటాను. పోటు తగ్గినప్పుడు పగడపు రాళ్ల మధ్య గుంటల్లో నీరు నిలుస్తుంది, పర్యాటకులను ఆ రాళ్ల మీద నడిపించి చూపిస్తారు. ఇలాంటి గుంటల్లో, రాళ్ల కింద, ఖాళీ చిప్పల్లో, పారేసిన సీసాల్లో, డబ్బాల్లో దూరి ఉండడం ఈ ఆక్టోపస్ అలవాటు. ఖాళీగా ఉందని బాబు జేబులో వేసుకున్న చిప్పలో అది ఉండవచ్చు. చిప్ప సొంతదారు శంకు ఆకారపు కోన్ నత్త అయితే అది కూడా విషపు ముల్లు విసిరేదే. అందువల్ల నీళ్లలో ఉన్న చిప్పను తాకకూడదు, రాయి కింద వేలు పెట్టకూడదు, కాళ్లకు గట్టి చెప్పులు లేకుండా రాళ్ల మీద నడవకూడదు. పైగా పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, చచ్చిన పగడపు ముక్కయినా సంచిలో వేసుకుని రావడం నేరం. ఏరే అలవాటున్న పిల్లవాడికి విషం భయం కన్నా విమానాశ్రయంలో సంచి తనిఖీ చేస్తారన్న మాట ఎక్కువ పనిచేస్తుందని నా అంచనా.

1954లో ఆస్ట్రేలియాలోని డార్విన్ దగ్గర ఒక యువకుడు చిన్న ఆక్టోపస్‌ను ఒంటి మీద పాకనిచ్చాడు, రెండు గంటలలోపే ప్రాణం పోయింది. అప్పట్లో ఆ చిన్న జీవిని ఎవరూ అనుమానించలేదు. ఇప్పుడు ఏం చేయాలో తెలుసు గనుక అలా జరగవలసిన అవసరం లేదు. కరిచిందన్న అనుమానం వస్తే వెంటనే నీళ్లలోంచి బయటికి తీసుకురండి, 112కు ఫోన్ చేయించండి, కాటు పడ్డ చేతికో కాలికో వెడల్పాటి గుడ్డతో ఒత్తుగా కట్టు కట్టి కదలనివ్వకండి. కోయడం, నోటితో పీల్చడం చేయవద్దు. ఊపిరి మందగిస్తే నోటితో ఊపిరి అందించడం మొదలుపెట్టి వైద్యులు అందుకునే దాకా ఆపకండి, ఎంతసేపైనా సరే. మన ఆసుపత్రుల్లో పాముకాటుకు ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు తయారైనది, దీనికి అది పనిచేయదు. దీనికి విడిగా విరుగుడు లేదు. వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెడితే శరీరం ఆ చిన్న అణువును తనంతట తాను బయటికి పంపేస్తుంది, మొదటి రోజు గడిచినవారు సాధారణంగా పూర్తిగా కోలుకుంటారు. రోగి కదలకపోయినా వినగలడు కాబట్టి పక్కన నిలబడి "అయిపోయింది" అని ఎవరూ అనకూడదు, పేరు పెట్టి పిలుస్తూ ధైర్యం చెప్పాలి.

హోటల్ ఆక్టోపస్ గురించి అడిగారు. మన తీరాల్లో పట్టి ఎగుమతి చేసే, పెద్ద నగరాల హోటళ్లలో వండే పెద్ద జాతుల ఆక్టోపస్‌లలో ఈ విషం ఉండదు. వాటి లాలాజలంలోని ప్రోటీన్లు వంట వేడికి, మన జీర్ణరసాలకు నిలవవు. నీలి ఉంగరాలదాన్ని మాత్రం ఉడికించినా, వేయించినా టెట్రోడోటాక్సిన్ చెక్కుచెదరదు. దాన్ని పొరపాటున వండుకు తిని ఆసుపత్రి పాలైనవారు తైవాన్‌లో, వియత్నాంలో ఉన్నారు. కాబట్టి ద్వీపంలో ఎవరో ఒడ్డున పట్టి కాల్చి ఇచ్చే అరచేతంత ఆక్టోపస్‌ను వద్దనండి. ఇంటికొచ్చాక పాకాల చేపల గురించి మీ అత్తమ్మగారు అనుమానం పెట్టుకుంటే, మంచినీళ్లలో బతికే ఆక్టోపస్ జాతి ప్రపంచంలో ఒక్కటి కూడా లేదని చెప్పండి.